తాడు లేనిదే నిచ్చెన లేదు

ఊళ్ళో నన్ను కప్పులమ్మ అంటారు. కొత్తవాళ్ళు కొందరు టీ కప్పులు అమ్ముతాననుకుని ఫోన్ చేస్తారు. "రెండు డజన్లు కావాలమ్మా, పువ్వులున్నవి" అంటారు. "మా కప్పు ఒక్కటి కొంటే మీ ఇంటిల్లిపాదీ కింద పడుకోవచ్చు" అని చెప్తాను. కొందరు నవ్వుతారు, కొందరు తిట్టి పెట్టేస్తారు.

గోడౌన్లు, బడులు, మిల్లుల షెడ్లు, పెళ్ళిళ్ళ హాళ్ళు. ఈ ఊళ్ళో వానొస్తే పొడిగా నిలబడే చోట్లలో సగం మేము కప్పినవే. మా ఆయన మొదలుపెట్టాడు. ఆయన పోయాక, ఆడదానికి రేకుల పనేమిటని నవ్వినవాళ్ళ ఇళ్ళమీద కూడా నేనే రేకులు వేశాను. ఆ వేసవి వచ్చేసరికి మాకు చేతినిండా పని. మా వాడు బయటి వ్యవహారాలు చూసేవాడు. కోడలు కొలతలు తీసేది, ఎవరికి ఎన్ని రేకులు పడతాయో లెక్క కట్టేది. దానికి మాటలు తక్కువ. మాట్లాడినా టేపు పెట్టి కొలిచినట్టు అవసరమైనంతే మాట్లాడేది.

ఎండలు ముదురుతుండగా, కప్పులమీద పనిచేసే పొడుగోడు పడ్డాడు.

పాత నూనె గోడౌను అది. పైనున్న సిమెంటు రేకులు ఊడదీసి కొత్తవి వెయ్యాలి. పాత రేకు మీద నడిచేటప్పుడు బోల్టుల వరసమీదే అడుగు వెయ్యాలి. కింద ఇనపకమ్మి ఉండేది అక్కడే. పక్కకి వేస్తే గాల్లో వేసినట్టే. పొడుగోడికి ఇది తెలియక కాదు. ఎవరో పిలిస్తే వెనక్కి తిరిగాడు, అంతే. నేను కింద నిలబడి గోడౌను యజమానితో మాట్లాడుతున్నాను. రేకు విరిగిన చప్పుడు ఏమంత పెద్దది కాదు, ఎండుకొమ్మ విరిగినట్టు వినిపించింది. తలెత్తేసరికి కప్పులో మనిషంత వెలుగు కనిపించింది.

బస్తాల మీద పడి నేలకి దొర్లాడు కాబట్టి బతికాడు. దగ్గరికి పరుగెత్తితే కళ్ళు తెరిచే ఉన్నాడు. "అమ్మా, నా చెప్పు ఎక్కడ పడిందో చూడండి, కొత్తది" అన్నాడు. తుంటి విరిగిందని, మళ్ళీ నిచ్చెన ఎక్కడం ఉండదని డాక్టరు చెప్పాడు.

ఆస్పత్రి వరండాలో మా వాడు నన్ను పక్కకి పిలిచాడు.

"అమ్మా, ఒక మాట. వాడు మన మనిషి కాదు. మేస్త్రీ తెచ్చుకున్న మనిషి. ఎవరడిగినా అదే చెప్పు."

"పడింది ఎవరి కప్పు మీంచి?"

"అది కాదమ్మా..."

"ఎవరి కప్పు మీంచిరా?"

వాడు ఫోన్ చూసుకున్నాడు. లోపల పొడుగోడి భార్య గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. మొగుడి చెప్పు రెండోది కూడా దొరికిందేమో, రెండూ ఒళ్ళో పెట్టుకుని ఉంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర చెప్పాను. "నడుముకి బెల్టు, బెల్టుకి తాడు, కింద వల. ఇవి వచ్చేదాకా మన మనిషి ఒక్కడు కూడా పైకి ఎక్కడు."

మా వాడు ముద్ద కంచంలో పెట్టేశాడు. "సీజన్‌లో పని ఆపుతావా? వానలొచ్చేలోపు ఇవన్నీ అవ్వకపోతే మన మొహం ఎవరైనా చూస్తారా? ఇన్నేళ్ళు నాన్న తాళ్ళు కట్టే చేశాడా?"

"కట్టలేదు. ఆయన అదృష్టం తిన్నాడు. మనం అదే తింటున్నాం. అడుగంటింది."

"లోకమంతా ఇలాగే చేస్తోందమ్మా."

"లోకానికి నేను కాంట్రాక్టు ఇవ్వలేదు."

కోడలు మా ఇద్దరి కంచాల్లోకీ చూసి, ఎవరికీ ఏమీ వడ్డించకుండా లేచి, లోపల ఫోన్ తీసి బెల్టులు ఎక్కడ దొరుకుతాయో వాకబు చెయ్యడం మొదలుపెట్టింది.

బెల్టులు వచ్చిన రోజు మా యార్డులో అందరినీ కూర్చోబెట్టాను. మా హెడ్ మేస్త్రీని బల్లి అంటారు. గోడ ఉంటే చాలు, నిచ్చెన లేకపోయినా పైనుంటాడు. అతను బెల్టు చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"అమ్మా, ఏమీ అనుకోకండి. ఇది ఎద్దుకి కట్టే పలుపులా ఉంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నిజంగానే అలా ఉంది.

"పైన అటూ ఇటూ తిరగాలి కదమ్మా. తాడు కాళ్ళకి తగులుకుంటే దాంతోనే పడతాం. పోనీ పడ్డాం అనుకోండి, ఇది ఆపుతుందని నమ్మకమేంటి?"

తప్పు మాట కాదది. మెడ మీద తలకాయ ఉన్నవాడెవడైనా అడిగేదే. కంపెనీ కాగితంలో ఉంది అంటే ఇంకోసారి నవ్వుతారు.

"కోడలా, ఆ బెల్టు ఇలా ఇయ్యి" అన్నాను.

పని మీద ఎక్కేటప్పుడు నా వేషం ఒకటే. చీర కింద మా ఆయన పాత ప్యాంటు, చీర మీద ఆయనదే పాత చొక్కా. ఆ రోజు కూడా అదే వేషంలో ఉన్నాను. కోడలు బెల్టు బిగించి, ప్రతి పట్టీ లాగి చూసింది. వద్దు అనలేదు. దాని చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి. మా వాడు ఆఫీసు గదిలోంచి బయటికొచ్చి అరిచాడు. "అమ్మా, పిచ్చా నీకు? మోకాళ్ళ నొప్పులని మెట్లే ఎక్కవు."

"అందుకే మెట్లు ఎక్కడం లేదు" అని నిచ్చెన ఎక్కాను.

మా యార్డు షెడ్డు ఎత్తయినది. పైనుంచి చూస్తే మనుషుల మొహాలు మాత్రమే కనిపిస్తాయి. తాడు కొక్కేన్ని దూలానికి తగిలించాను. లాగాను. మళ్ళీ లాగాను. భయం వేసింది. వెయ్యలేదంటే అబద్ధం. ఒక్క క్షణం ఆ పొడుగోడి భార్య ఒళ్ళో చెప్పులు గుర్తొచ్చాయి.

దూకాను.

పక్కటెముకలు నోట్లోకి వచ్చినట్టయింది. ఊపిరి ఆగింది. తర్వాత తాడుకి సొరకాయలా వేలాడుతూ, గుండ్రంగా తిరుగుతుంటే, ఒకసారి గోడ, ఒకసారి జనం, ఒకసారి గోడ, ఒకసారి జనం కనిపించారు.

"మేస్త్రీ," అన్నాను గొంతు వచ్చాక. "పడ్డానా?"

"లేదమ్మా."

"మరి నిచ్చెన పట్టుకురా. దింపడం ఎలాగో ఎవరమూ ఆలోచించలేదు."

అప్పుడు నవ్వారు. ముందు నవ్విన నవ్వు కాదది. నన్ను దింపేసరికి నడుము చుట్టూ బెల్టు వెడల్పున వాత తేలింది. మరునాడు దింపే పద్ధతి కూడా నేర్చుకున్నాం. బల్లి మొదటి బెల్టు తనే కట్టుకున్నాడు. కట్టుకుని, "పలుపే అయినా మెడకి కాదు కదా" అన్నాడు. ఆ రోజు నుంచి మా పని దగ్గర ఒకటే మాట. తాడు లేనిదే నిచ్చెన లేదు.

పొడుగోడు చంకకర్రలతో లేచి రాగలిగాక, నిచ్చెన మొదట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ప్రతి మనిషి బెల్టూ లాగి చూసి పంపడం వాడి పని. కుర్చీ ఎక్కాక వాడి నోరు పెద్దదైంది. "ఏరా, పెళ్ళికొడుకులా వదులుగా కట్టావు? బిగించు" అని బల్లిని కూడా వదిలేవాడు కాదు. బల్లి నాకు ఫిర్యాదు చేశాడు. "పడకముందే నయమమ్మా, వీడు మాట్లాడేవాడు కాదు" అన్నాడు.

ఈలోగా మా పెద్ద పని మొదలైంది. ఊరి కూరగాయల మార్కెట్టు. కప్పు తుప్పుపట్టి జల్లెడయిపోయింది. పాత రేకులు మొత్తం దించేశాం. కొత్తవి రావాలి. అమ్మేవాళ్ళు పరదాలు కట్టుకుని వాటికిందే కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే రేకుల షావుకారు కబురంపాడు. ఊళ్ళో అందరికీ రేకులు అమ్మేది ఆయనే, కాంట్రాక్టర్ల సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. మా ఆయన స్నేహితుడు. నన్ను చెల్లెమ్మా అంటాడు. ఆ పిలుపులో దొంగతనం లేదు. మా ఆయన పోయినప్పుడు పాడె మోసినవాడు.

కొట్టు మేడమీద గది. కాంట్రాక్టర్లందరూ ఉన్నారు. మా వాడు నాకంటే ముందే వచ్చి వాళ్ళ వరసలో కూర్చున్నాడు. నన్ను చూసి ఎవరో ఎదురుగా కుర్చీ లాగారు. నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. మా వాడు లేచి వస్తాడనుకున్నాను. టీ వచ్చింది. వాడు అక్కడే తాగాడు.

షావుకారు నెమ్మదిగా మొదలుపెట్టాడు. "చెల్లెమ్మా, నువ్వు చేసేది పుణ్యమే. మేం కాదనం. కానీ నీ మనుషులు సాయంత్రం పోయి మా మనుషుల చెవిలో ఊదుతున్నారు. రేపు ప్రతివాడూ బెల్టు తే, వల కట్టు అంటే మా గతేంటి? పని సగానికి సగం నెమ్మదిస్తుంది."

"మొదటి వారం నెమ్మదించింది. ఇప్పుడు లేదు. భయం లేని మనిషి వేగంగానే పని చేస్తాడు అన్నయ్యా."

గోడ పక్కనున్న కాంట్రాక్టరు అందుకున్నాడు. "పడేవాడు నేలమీద నడుస్తూ కూడా పడతాడమ్మా."

"పడతాడు. లేచి దులుపుకుంటాడు."

షావుకారు చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "సీజన్ అయ్యేదాకా ఆపు. వానలు మొదలయ్యాక అందరం కూర్చుని ఒక నిర్ణయం చేద్దాం."

"వానలు మొదలయ్యాక కప్పులమీద ఎవరుంటారు? కాకులు. వాటికి బెల్టులక్కర్లేదు."

"అయితే మా కొట్లో నీకు రేకు దొరకదు." ఆ మాట అంటూ నా మొహంలోకి చూడలేదు. "నా మాట కాదు, సంఘం మాట."

లేచాను. "మార్కెట్టు మీద ఆకాశమే కప్పుగా ఉంచుతాను అన్నయ్యా. తాడు మాత్రం విప్పను." మెట్లు దిగుతుంటే నా మోకాళ్ళు నిజంగానే నొప్పి పుట్టాయి. వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చెవి పెట్టి విన్నాను. ఎవరూ రాలేదు.

మా వాడు ఇంటికి వచ్చి నాతో మాట్లాడలేదు, భార్యతోనే మాట్లాడాడు. ఊరి చివర షావుకారు కట్టిస్తున్న పెద్ద షెడ్డు పని తనకి అప్పజెప్పాడనీ, అక్కడే ఇల్లు కూడా ఇస్తున్నాడనీ చెప్పాడు. "అమ్మ మొండితనానికి మనం మునగక్కర్లేదు. బట్టలు సర్దు" అన్నాడు.

కోడలు గుమ్మంలో నిలబడి టేపు చుట్టుకుంటోంది. "మార్కెట్టు కొలతలు ఇంకా అవ్వలేదు" అంది.

"అయ్యాక?"

"అయ్యాక రేకులు వెయ్యాలి."

వాడు తన బట్టలు మాత్రమే సర్దుకుని వెళ్ళాడు. ఆ రాత్రి మేమిద్దరమే భోజనం చేశాం. "నా కోసం ఉండక్కర్లేదు" అన్నాను. "మీ కోసం కాదు అత్తయ్యా. నాకు కొలతలు సగంలో వదిలెయ్యడం రాదు" అంది. తర్వాత నీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది.

పక్క ఊళ్ళన్నీ తిరిగాం. మాకంటే ముందే షావుకారు ఫోన్లు వెళ్ళేవి. ఒకడు రేకులు లేవన్నాడు, గుట్టలుగా ఉన్న రేకులకి ఆనుకునే నిలబడి. ఇంకొకడు నిజాయితీపరుడు. "ఉన్నాయమ్మా, మీకు అమ్మితే నాకు ఉండవు" అన్నాడు. ఇనప చట్రం వేసి, రంగు వేసి, మా మనుషులు బెల్టులతో సిద్ధంగా కూర్చున్నారు. వెయ్యడానికి ఏమీ లేదు.

తొలివాన మార్కెట్టు మీద కురిసింది.

పరదాలు ఆగలేదు. బుట్టలు తేలాయి. టమాటాలు కాలవలో దొర్లుకుంటూ పోయాయి. మేమందరం మోకాళ్ళ లోతు నీళ్ళలో బుట్టలు మోశాం. మూలనుండే ఒకావిడ తడిసిపోయిన గోనెసంచి నా కాళ్ళ దగ్గర పడేసింది.

"నీ తాళ్ళు తగలబడ. నీ పంతానికి మా బతుకు తడిసింది."

నేను పొడుగోడి సంగతి చెప్పాను. రేకుల సంగతి చెప్పాను. ఆవిడ అంతా విన్నది. "పాపమే. అదంతా నాకెందుకమ్మా? కప్పు తీసింది నువ్వు. వెయ్యి" అంది. ఆవిడన్నది న్యాయమే. ఆ రోజు మొదటిసారి, షావుకారు దగ్గరికి వెళ్ళి తల వంచుదామా అనిపించింది. తడిబట్టలతో యార్డుకి వెళ్ళాను. పొడుగోడు చంకకర్ర పక్కన పెట్టుకుని, వానలో తడిసిన తాళ్ళు ఒక్కొక్కటే ఆరేస్తున్నాడు. ఏమీ అడగకుండా నాకు కుర్చీ చూపించాడు. కూర్చున్నాను. ఇక వెళ్ళలేదు.

మేము చెయ్యలేనిది ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేశారు. రేకుల పనివాళ్ళందరూ దాదాపు ఊళ్ళో ఒక నాలుగు సందుల్లోనే ఉంటారు. కప్పులమ్మ దూకిన కథ కుళాయిల దగ్గర రోజుకొక అంతస్తు పెరిగింది. చివరికి నేను చర్చి గోపురమంత ఎత్తునుంచి దూకానని చెప్పుకున్నారట. పొడుగోడి భార్య ఎక్కువ మాట్లాడలేదట. నీళ్ళకి వచ్చినవాళ్ళతో, "మా ఆయన ఇంక నిచ్చెన ఎక్కడు. మీ ఆయన బెల్టు ఏది?" అని అడిగేదట. అంతే. పొద్దున్నే పనికి బయల్దేరే మొగుళ్ళని గుమ్మాల్లో ఆపడం మొదలైంది. ఒకావిడ మొగుడి టిఫిను డబ్బా దాచేసింది. బెల్టు చూపిస్తే డబ్బా ఇస్తానందట.

షావుకారు షెడ్డు దగ్గర మనుషులు కిందే కూర్చున్నారు. బల్లి తమ్ముడిది అక్కడే పని. వాడొచ్చి చెప్పాడు. మా వాడు ఎంత నచ్చజెప్పినా లేవలేదట. ఏమీ కాదు, ఎక్కండి అన్నాడట. అప్పుడొక ముసలి మేస్త్రీ లేచి మర్యాదగానే అడిగాడట.

"మీ అమ్మగారు దూకారు. మీరు దూకుతారా సార్?"

మా వాడు షెడ్డు కప్పు వైపు చాలాసేపు చూసి, ఇసుక గుట్ట మీద వాళ్ళ పక్కనే కూర్చున్నాడట.

ఊళ్ళో పనులన్నీ ఆగాయి. పనులాగితే రేకులు కదలవు. రేకులు కదలకపోతే షావుకారుకి నిద్రపట్టదు. ఒక ఉదయం మార్కెట్టు ముందు లారీ ఆగింది. ముందు సీట్లోంచి ఆయనే దిగాడు. బుట్టలన్నీ దాటుకుంటూ నా దగ్గరికి వచ్చి, కాసేపు ఇనప చట్రం వైపు చూశాడు.

"పని బాగుంది చెల్లెమ్మా."

"సగమే అన్నయ్యా."

గొంతు సవరించుకున్నాడు. "ఆ బెల్టులు ఎక్కడ కొన్నావు?"

"ముందు రేకులు దించండి."

"నా మీద నమ్మకం లేదా?"

"ఉంది. దించాక ఇంకా పెరుగుతుంది."

ఆయన డ్రైవరుకి చెయ్యి ఊపాడు. రేకులు దిగుతుంటే మూల కూరగాయలావిడ తన బుట్టలు తనే పక్కకి జరిపి దారిచ్చింది.

వాన మళ్ళీ పట్టేలోపు పూర్తి చెయ్యాలి. పైన పని నడిపింది కోడలు. బల్లి ఒక వరస, అది ఒక వరస. కింద వల. నిచ్చెన దగ్గర పొడుగోడు. షావుకారు పైకి ఎక్కి చూస్తానంటే వాడు చంకకర్ర అడ్డం పెట్టి, ఆయనకీ బెల్టు కట్టించాడు. నేను నిచ్చెన ఎక్కలేదు. అవసరం లేకపోయింది. ఆ సాయంత్రం కంపెనీ పేరులో నా పేరు పక్కన కోడలి పేరు చేర్చమని వకీలుకి చెప్పాను. కోడలికి చెబితే, "ఏ వైపు?" అని అడిగింది. "పైన" అన్నాను.

కొత్త కప్పు మీద పెద్దవాన కురిసిన రోజు అందరం మార్కెట్టులోనే ఉన్నాం. ఒక్క చుక్క రాలేదు. మూలనున్న ఆవిడ నన్ను పిలిచింది. మెచ్చుకుంటుందనుకున్నాను. "ఈ రేకులు మరీ చప్పుడమ్మా. బేరం వినపడటంలేదు" అంది.

అప్పుడు వచ్చాడు మా వాడు. పూర్తిగా తడిసి ఉన్నాడు. గడ్డం పెరిగింది. నా ముందు నిలబడి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

"అమ్మా, వచ్చెయ్యనా?"

"ఇంటికా? నీ ఇల్లది, అడగక్కర్లేదు."

"పనికి."

"పనికైతే నన్నడక్కు. కాంట్రాక్టరుని అడుగు."

"కాంట్రాక్టరంటే నువ్వే కదా."

కోడలు అటువైపు వరసలో తల పైకెత్తి, ఎక్కడైనా కారుతోందేమోనని చూసుకుంటూ వస్తోంది. చూపించాను. వాడు చాలాసేపు అటే చూశాడు. అది దగ్గరికి వచ్చేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. "రేపట్నుంచి రానా?"

కోడలు మొగుణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. ఎక్కడైనా కారుతోందా అని చూసిన చూపే అది. కాళ్ళ దగ్గర ఆగింది.

"ఆ బూట్లు జారతాయి. వేరేవి వేసుకుని రండి. పొద్దున్నే రావాలి" అని చెప్పి, తల మళ్ళీ పైకెత్తి తర్వాతి వరసలోకి వెళ్ళిపోయింది.

మా వాడు నా వైపు చూశాడు. నేను వాన వైపు చూశాను.